కింద తాత, పైన మనవడు

21 జనవరి 1980, సోమవారం

ఈ డైరీ ప్రేమానందం సార్ ఇచ్చారు. క్యాంపులో తలా ఒకటి పంచగా ఒకటి మిగిలిందట. "జీపు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లాగ్‌బుక్కులో రాస్తున్నారు కదా సిలార్ గారూ, మీరెంత తిరిగారో ఇందులో రాయండి" అన్నారు. మా ఇంటిది హజరాబీ చూసి, "ఎస్సెల్సీ తప్పినాయన పుస్తకం రాస్తన్నాడు, ఊళ్ళో కాగితాలకు కరువొస్తది" అని నవ్వింది. నవ్వనీ. ఆమె నవ్వి రెండేళ్ళయింది.

రెండేళ్ళ కిందట ఇదే జనవరిలో కీసర దగ్గర నా లారీ బోల్తా పడింది. బ్రేకు పట్టలేదు. ఎవరి ప్రాణం పోలేదు. నా భుజం విరిగింది, మిర్చి బస్తాలన్నీ రోడ్డు పాలయ్యాయి. తర్వాత ఎవరూ బండి ఇస్తామని రాలేదు, నేనూ ఇమ్మని అడగలేదు. స్టీరింగు చూస్తేనే అరచేతులు చెమటలు పట్టేవి. హజరా జాకెట్లు కుట్టి ఇల్లు నడిపింది. నేను జగ్గయ్యపేటలో మా అన్న నాపరాళ్ళ కొట్టులో రాళ్ళు మోశాను. మా నాన్న పెట్టిన కొట్టే అది. రాళ్ళు మోస్తే ఎవరూ బోల్తా పడరు.

డిసెంబరులో ఈ సర్వే క్యాంపు దిగింది. సిమెంటుకు పనికొచ్చే సున్నపురాయి నేల కింద ఎంత లోతు ఉందో చూడ్డానికి వేదాద్రి వైపు డ్రిల్లు పెట్టారు. జీపుకు డ్రైవరు కావాలంటే, అడిగితే పోయేదేముందని వెళ్ళాను. క్యాంపు ఆఫీసరు ప్రేమానందం సార్ నా పేరూ ఊరూ రాసుకుని రెండు రోజులాగి రమ్మన్నారు. వెళితే తాళం చేతిలో పెట్టారు. పాత కథ ఒక్కటీ అడగలేదు. తాళం పట్టుకుని జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాను గానీ ఎక్కలేదు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అల్లా ఆయన్ని చల్లగా చూడాలి.

ప్రస్తుతం టెంపరరీ. మార్చిలో హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వస్తారట. పని బాగుందంటే పర్మనెంటుకు రాస్తారట.

25 జనవరి

జీపులో సార్ ఊరికే కూర్చోరు. ఇరవై ఏడేళ్ళ కుర్రాయన, నోట్లో మాట ఆగదు. ఇవాళ అన్నారు, "మీ నాన్నగారు అమ్మిందంతా సముద్రం అడుగు సిలార్ గారూ. ఈ జగ్గయ్యపేట, ఈ వేదాద్రి, అన్నీ ఒకప్పుడు నీళ్ళ కింద ఉన్నయ్. సున్నం అడుక్కి దిగి దిగి, పేరుకుని, రాయయింది. కోట్ల ఏళ్ళ కిందటి మాట."

"మా నాన్నకు తెలిస్తే సముద్రానిక్కూడా రేటు కట్టేవాడండి" అన్నాను.

కానీ ఇంటికి వచ్చాక ఆలోచిస్తే నిజమే అనిపించింది. కొన్ని రాళ్ళ మీద అలలు అలలుగా గీతలుంటాయి. గచ్చుకు పనికిరావని మా నాన్న వాటిని పక్కన పడేసేవాడు. అవి నీళ్ళు చేసిన గీతలేనట. మా ఇంట్లో ముగ్గురం ఆ రాళ్ళ మీద పెరిగాం, ఒక్కరికీ తట్టలేదు.

30 జనవరి

జీపు సర్వీసుకు నందిగామలో తిరుపతిరావు షెడ్డుకు తీసుకెళ్ళమన్నారు. నడుం పట్టేసిందని చెప్పి డ్రిల్లరు రత్తయ్యను పంపాను. రత్తయ్యకు డ్రైవింగు వచ్చు. నా లారీ బ్రేకులు వేసింది ఆ తిరుపతిరావే.

2 ఫిబ్రవరి

చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర టీ తాగాం. పాలగిన్నె మీద మీగడ కట్టి, కింద పొంగు తగిలినప్పుడల్లా ముక్కలై అటూ ఇటూ జరుగుతోంది. సార్ దాన్ని చూపించి పాఠం మొదలుపెట్టారు. టీ కొట్టాయన కూడా గంటె పట్టుకుని విన్నాడు.

భూమి పైపొర ఒకే ముక్క కాదట. పెద్ద పెద్ద పలకలట. వాటి కింద రాయి వేడికి మెత్తబడి, తెలియనంత నెమ్మదిగా కదులుతుందట. పైన పలకలు, పలకల మీద దేశాలు, సముద్రాలు, మనం. మన పలక ఉత్తరానికి పోతోందట, ఏడాదికి రెండంగుళాలు. నాకు ముప్పై ఎనిమిది. అంటే నేను పుట్టాక జగ్గయ్యపేట ఆరడుగుల పైనే జరిగింది. నన్ను నిలువునా పడుకోబెట్టినా ఇంకా మిగులుతుంది. నేను మాత్రం ఈ ఊళ్ళోనే ఉన్నాననుకుంటున్నాను.

ఒకప్పుడు బందరు ఒడ్డుకు అవతల సముద్రం లేదట. మంచుఖండం అతుక్కుని ఉండేదట. విడిపోయాక మధ్యలోకి నీళ్ళొచ్చాయట. సముద్రం నడిమధ్యన నేల చీలుతూ కొత్త రాయి పైకొస్తుంటే, ఇంకోచోట ఒక పలక ఇంకోదాని కిందికి దూరిపోతూ ఉంటుందట. భూకంపాలు, నిప్పు కక్కే కొండలు ఎక్కువగా ఆ అంచుల్లోనే.

"మరి హిమాలయాలండి?"

"రెండు లారీలు ఎదురెదురుగా గుద్దుకుంటే బానెట్లు ఏమవుతయ్? ముడతలు పడి పైకి లేస్తయ్ కదా. మన పలకా ఆసియా పలకా అట్లా గుద్దుకున్నయ్. ఇంకా గుద్దుకుంటానే ఉన్నయ్" అని, వెంటనే నాలుక కరుచుకున్నారు.

నేనే అన్నాను, "బ్రేకు పట్టకపోతే అంతేగదండీ."

3 ఫిబ్రవరి

రాత్రి హజరాకు చెప్పాను. ఆమె కుట్టు ఆపి, "నేల జరిగిపోతంటే మరి నమాజు దిక్కు?" అంది. పొద్దున సార్‌ని అడిగాను. ఆయన నవ్వలేదు. అరేబియా కూడా ఒక పలక మీదే ఉందని, అదీ మనలాగే ఉత్తరానికి పోతోందని, తేడా వచ్చినా వెంట్రుకవాసి అని చెప్పారు. హజరాకు ఆ మాట చేరవేశాను. "అయితే కలిసే పోతన్నాం" అని మళ్ళీ మిషను తొక్కింది.

9 ఫిబ్రవరి

సార్ కథ తెలిసింది. ఆయనది వీరులపాడు దగ్గర పల్లె. వాళ్ళ నాన్న బావులు తవ్వేవాడట. చిన్నప్పుడు సార్‌ని మోకుకు కట్టి దించితే బావి గోడలో రంగురంగుల పొరలు చూసేవారట. అట్లా ఈ చదువులో పడ్డారు.

ఆయన మనసులో ఒక మాట ఉంది. మామూలుగా నేలలో కింద పాత రాయి, పైన కొత్త రాయి ఉంటాయి. "కింద తాత, పైన మనవడు" అంటారు ఆయన. కానీ ఎప్పుడో తూర్పు నుంచి ఇంకో ఖండం వచ్చి నెట్టినప్పుడు అక్కడి పాత రాయి మన సున్నపురాయి మీదికి ఎక్కి ఉండాలని ఆయన నమ్మకం. మనవడి నెత్తిన తాత కనిపిస్తే, ఎవరో ఎత్తి పెట్టినట్టే కదా. అది ఈ వేదాద్రి దగ్గర దొరుకుతుందని ఆశ. హైదరాబాదులో చెబితే పెద్దాఫీసరు, "పుస్తకాలు చదివి కొండలు జరుపుతున్నావా" అన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు సార్ మొహం చిన్నబోయింది.

డ్రిల్లు గొట్టంలోంచి చెరకు ముక్కల్లా గుండ్రంగా రాతి ముక్కలు వస్తాయి. ఏ లోతులో వచ్చింది ఆ వరసలోనే పొడుగాటి చెక్కపెట్టెల్లో పేర్చి, మధ్యమధ్య లోతు రాసిన చెక్కబిళ్ళలు పెడతారు. ఆ వరసే ఆయనకు ఖురాను, బైబిలు అన్నీ. రేపు మీటింగుకు హైదరాబాదు పోతున్నారు. వచ్చేలోగా పదకొండు, పన్నెండు పెట్టెలు నింపి జగ్గయ్యపేటలోని ఆఫీసు గదికి చేర్చమన్నారు.

16 ఫిబ్రవరి, శనివారం

సూర్యగ్రహణం. పెట్టెలు గదికి చేర్చాను. అంతా క్షేమం.

17 ఫిబ్రవరి

నిన్న వాగు దాటేటప్పుడు జీపు వెనక కట్టిన ట్రెయిలరు కొంచెం ఒరిగింది. గ్రహణం వేళ బయలుదేరకూడదని హజరా చెబుతూనే ఉంది. జీపుకు ఏమీ కాలేదు. ట్రెయిలరుకు కూడా ఏమీ కాలేదు.

19 ఫిబ్రవరి

ఎవరూ చదవరు కాబట్టి రాస్తాను.

గ్రహణమని శనివారం రత్తయ్య మనుషులు మధ్యాహ్నానికే పెట్టెలు ఎక్కించి గుడారాల్లో దూరారు. తోడు రమ్మంటే ఒక్కడూ రాలేదు. దారంతా తలుపులు మూసి ఉన్నాయి, కుక్క కూడా లేదు. మూడున్నర దాటేసరికి ఎండ పసుపు నీళ్ళలా అయింది, తర్వాత బూడిద రంగు, తర్వాత చీకటి. వాగులో దిగాను. ట్రెయిలరు చక్రం ఒక రాయెక్కి జారింది. రెండు పెట్టెలు ఇసకలో పడి మూతలు ఊడాయి. రాళ్ళన్నీ ఒలికాయి.

ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. వెలుతురు వచ్చాక ఒక్కొక్కటే ఏరాను. తువ్వాలుతో తుడిచాను. పేర్చాను. రాళ్ళు పేర్చడం నాకు ఒకరు నేర్పాలా. మా నాన్న కొట్టులో ఆరేళ్ళప్పటి నుంచి పేర్చాను. రంగుకు రంగు, నునుపుకు నునుపు, మేలైన రాయి ముందు, మచ్చ రాయి వెనక. తెల్లటి గట్టిరాయి చూడముచ్చటగా ఉంటే పన్నెండో పెట్టెలో మొదట పెట్టాను. తర్వాత బూడిదరంగు సున్నపురాయి అంతా ఒకచోట. తర్వాత ఊదారంగు పలకరాయి అంతా ఒకచోట. చెక్కబిళ్ళలు సమానంగా దూరం చూసి పెట్టాను. చివర జానెడు ఖాళీ వస్తే ముక్కలు కాస్త ఎడంగా జరిపి సర్దాను. నిజం చెప్పాలంటే ముందు కంటే ఇప్పుడే బాగున్నాయి. ముందు గజిబిజిగా ఉండేవి.

చెబితే, "రెండోసారి బోల్తా కొట్టాడు" అంటారు. అంతే, ఇంక చూసుకోనక్కర్లేదు. ఏ రాయి పోలేదు. రాయి రాయే కదా.

21 ఫిబ్రవరి

సార్ వచ్చారు. గదిలో పన్నెండో పెట్టె మూత తీశారు. మోకాళ్ళ మీద కూర్చుని తెల్లరాయిని వేలితో తడిమారు. కింద సున్నపురాయిని తడిమారు. చెక్కబిళ్ళ మీద లోతు చూశారు.

"సిలార్ గారూ, తాత మనవడి నెత్తి మీద ఉన్నాడండి" అని లేచి నన్ను కావలించుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

నేనూ నవ్వాను. ఏం చెయ్యను.

24 ఫిబ్రవరి

రత్తయ్య అన్నాడు, "తెల్లరాయి ఆఖర్న వచ్చినట్టు గుర్తండీ సార్, గట్టిదనానికి డ్రిల్లు బిట్టు అరిగిపోయి మార్చాం గూడా." డ్రిల్లరుగా వాడు పుస్తకంలో అడుగులు రాస్తాడు గానీ రంగులు రాయడు. సార్ ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఇవాళ పెంచారు. "మీ మనుషులు ఏ పెట్టెకు బిట్టు మార్చారో కలగాపులగం చేస్తున్నారు. గుర్తులేకపోతే లేదనండి, నన్ను గందరగోళం చెయ్యొద్దు" అన్నారు. రత్తయ్య యాభై ఏళ్ళ వాడు. తల వంచుకుని బయటికి పోయి బీడీ ముట్టించాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. "నిజంగానే మర్చిపోయానేమో భాయ్, వయసొస్తంది" అన్నాడు.

ఆ బీడీ తాగలేక పారేశాను.

27 ఫిబ్రవరి

రాయి రాయే.

2 మార్చి

పెద్దాఫీసరు పదో తారీఖున వస్తున్నారు. సార్ పెద్ద కాగితం మీద రంగు పెన్సిళ్ళతో బొమ్మ వేస్తున్నారు. తూర్పున కొండలు, బాణం గుర్తు, పక్కన మా పన్నెండో పెట్టె. కొత్త చొక్కా కుట్టడానికి హజరాకు గుడ్డ కూడా ఇచ్చారు, ఆ రోజు వేసుకోవడానికి.

హజరా కాలరు కత్తిరిస్తూ అడిగింది, "ఆయనకంత సంతోషం వస్తే మీరేంటి తిండి మానేశారు?"

చెప్పేశాను. అంతా. ఆమె కత్తెర కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. "రెండేళ్ళు మిషను తొక్కా. ఇంకో రెండేళ్ళు తొక్కుతా. ఆ పిల్లాడి పరువు మీద మనం అన్నం తినొద్దు" అంది. ఇలాంటి మనిషిని నాకు ఎందుకిచ్చాడో అల్లాకే తెలియాలి. నేను చేసుకున్న పుణ్యం అయితే కాదు.

5 మార్చి

పొద్దునే గదికి వెళ్ళాను. సార్ పెన్సిలు చెక్కుకుంటున్నారు. నిలబడే చెప్పాను. గ్రహణం అని మొదలుపెట్టి, మధ్యలో ఆపి, సరిగ్గా చెప్పాను. "గ్రహణం కాదు సార్. సూర్యుడు ఎట్లా ఉన్నాడా అని తల పైకెత్తి చూశా. రోడ్డు చూడలా. పెట్టెలు ఒలికినయ్. నాకు తెలిసినట్టు పేర్చా."

"తెలిసినట్టు అంటే?"

"రంగును బట్టి సార్. కొట్టులో పేర్చినట్టు."

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టారు. అది దొర్లి కింద పడింది. ఎవరం తియ్యలేదు. గోడకు అంటించిన బొమ్మ కేసి చూశారు. తర్వాత చెప్పులు వేసుకుని బయటికి పోయారు. అరగంట నేను ఆ గదిలో రాళ్ళతో నిలబడ్డాను. జీపు తాళం బల్ల మీద పెట్టేశాను.

తిరిగొచ్చి మొదట అన్న మాట, "రత్తయ్యను తిట్టానండి నేను. పదండి." జీపులో వేదాద్రి పోయాం. గుడారం దగ్గర దిగి, అందరి ముందు రత్తయ్యకు చేతులు జోడించి, "మీకు గుర్తున్నదే నిజం, నాదే తప్పు" అన్నారు. రత్తయ్య కంగారుపడి, "అయ్యో సార్, అదెంత" అని స్టూలు తెచ్చి వేశాడు. నేను కూడా చెప్పాను వాడికి. నా కేసి చూసి, "బీడీ ఎందుకు పారేశావా అనుకున్నా" అన్నాడు. అంతే అన్నాడు.

8 మార్చి

మూడు రోజుల్లో ఒక్క ముక్క రాయలేదు. పని అలా ఉంది.

వరస పోయింది కదా, మళ్ళీ డ్రిల్లు వెయ్యడానికి వ్యవధి లేదు కదా, రిపోర్టులో ఈ రెండు పెట్టెలూ లేవని రాసేస్తానన్నారు సార్. అప్పుడు నాకు తట్టింది. కొట్టులో నాపరాయి విరిగితే, ఏ ముక్క దేనిదో విరిగిన అంచును బట్టి చెప్పేవాణ్ణి. ఒక రాయి విరిగిన మొహం దాని జతకు తప్ప ఇంకోదానికి అతకదు. "సార్, ఒకసారి చూడనివ్వండి" అన్నాను.

గచ్చు మీద దుప్పటి పరిచి తొంభై మూడు ముక్కలు పోశాం. రెండు ముక్కలు ఆనిస్తాను, తిప్పుతాను. జత కాకపోతే వేలికి తెలుస్తుంది. జత అయితే చిన్న చప్పుడుతో కూర్చుంటుంది, ఇంక వెలుగు కూడా దూరదు. మొదటి రోజు పన్నెండు జతలు దొరికాయి. సార్ పక్కన కూర్చుని, దొరికిన జతకల్లా సుద్దతో గీత గీశారు. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే. రెండో రోజు సాయంత్రం ఆయన నెమ్మదిగా అన్నారు, "ఖండాలు విడిపోయాయని మొదట ఎట్లా కనిపెట్టారనుకున్నారు? ఒడ్డుకు ఒడ్డు ఆనించి చూశారు. ఇటు రాయి అటు రాయికి సరిపోయింది. నమ్మటానికి యాభై ఏళ్ళు పట్టింది జనానికి. మీకు రెండు రోజులు పట్టింది."

ఆ మాటకు నాకు దుఃఖం వచ్చింది. నన్ను తిట్టాల్సిన మనిషి నాకు పాఠం చెబుతున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం అయిపోయింది. ఒక కొస పదో పెట్టె ఆఖరి ముక్కకు అతికింది కాబట్టి పైదేదో కూడా తేలింది. సున్నపురాయి, పలకరాయి, మళ్ళీ సున్నపురాయి, మళ్ళీ పలకరాయి, గజిబిజిగానే ఉంది. అన్నిటికంటే అడుగున తెల్లరాయి. తాత కిందే ఉన్నాడు. సార్ లేచి వెళ్ళి గోడ మీది బొమ్మ తీసి మడిచారు. నేను తలెత్తలేదు.

"ఉన్నది ఉన్నచోట ఉంది సిలార్ గారూ. నేను కోరుకున్నచోట లేదు. అంతే" అన్నారు.

పన్నెండో పెట్టెలో ఒకచోట జానెడు ముక్క లేదు. వాగులో పోయింది. సాయంత్రం వెళ్ళి ఇసక జల్లించి చూశాను, దొరకలేదు. అక్కడ చెక్కబిళ్ళ మీద "లేదు" అని రాసి పెట్టారు. తర్వాత రిజిస్టరు తీసి నా ముందు పెట్టారు. "ట్రెయిలరు ఒరిగిందని రాస్తే మీ పర్మనెంటు పోవచ్చు. రాయకపోతే ఈ పెట్టె మాట ఎవరూ నమ్మకూడదు. రాయమంటారా?"

"రాయండి సార్" అన్నాను. కింద నా సంతకం కూడా పెట్టాను.

10 మార్చి, సోమవారం

పెద్దాఫీసరు వచ్చారు. జుట్టంతా నెరిసింది, పంచెకట్టు, చేతిలో భూతద్దం. అన్ని పెట్టెలూ చూసి పన్నెండో దాని దగ్గర ఆగారు. ఖాళీలో వేలు పెట్టి, "ఇదేంటి?" అన్నారు.

సార్ నోరు తెరిచేలోగా నేనే చెప్పాను. వాగు, నా చూపు, రంగులు, అంచులు అన్నీ. ఆయన రిజిస్టరు తెప్పించుకుని చదివారు. రెండు జతలు తనే విడదీసి మళ్ళీ కూర్చి చూసుకున్నారు. చప్పుడు విన్నారు.

"ముప్పై ఏళ్ళ నుంచి ఊరూరా పెట్టెలు చూస్తున్నా. ఖాళీ ఉన్న పెట్టె ఇదే మొదటిసారి చూడటం" అన్నారు. "అంటే ఇన్నాళ్ళూ నాకేం చూపించారో" అని తనలో తనే నవ్వుకున్నారు.

పర్మనెంటు లేదు. ఒరిగిన బండి ఒరిగినట్టే రాయాలి, ఈ సంవత్సరం కుదరదన్నారు. క్యాంపు ఉన్నన్నాళ్ళూ జీపు మాత్రం నేనే తోలాలన్నారు. సార్ని పక్కకు పిలిచి, "ఆ రాళ్ళు తూర్పు నుంచి జరిగి ఉండొచ్చనే నాకూ ఉంది. ఇక్కడ కాదేమో. ఇంకో చోట ఒక రంధ్రం వెయ్యి, నేను సంతకం పెడతా" అన్నారు. సార్ కొత్త చొక్కా చెమటకు నిలువునా తడిసిపోయింది.

పెద్దాఫీసరును బెజవాడ రైలుకు దింపింది కూడా నేనే. దారిలో నిద్రపోయారు. నా బండిలో ఒక పెద్దమనిషి నిశ్చింతగా నిద్రపోయాడు. కీసర దాటేటప్పుడు నేను లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

11 మార్చి

సార్ని అడిగాను, "పాత కథ తెలిసీ తాళం ఎందుకిచ్చారు?"

"ఊరికే ఇవ్వలేదు. రెండు రోజులాగమన్నా కదా. నందిగామ వెళ్ళి అడిగా. తిరుపతిరావు అని మెకానిక్కు. 'ఆ బ్రేకులు వేసింది నేనేనండి, తప్పు నాది, మనిషి బంగారం లాంటి డ్రైవరు, కళ్ళు మూసుకుని బండి ఇవ్వండి' అన్నాడు. తన తప్పు తను చెప్పుకునే మనిషి మాట నమ్మకపోతే ఇంకెవరిది నమ్ముతాం?"

ఇంటికొచ్చి గంట సేపు ఊరికే కూర్చున్నాను.

ఇందులోనైనా రాయాలి. కీసర దగ్గర బ్రేకు పట్టకపోవడం కాదు. అసలు నేను కాలు వెయ్యలేదు. నిద్రపోయాను. లేచేసరికి బండి పక్కకు పడి ఉంది. ఎవరో, "బ్రేకు పట్టలేదా?" అని అడిగారు, నేను అవునన్నాను. ఒక్క మాట. ఆ మాటతో తిరుపతిరావన్న దగ్గరికి లారీలు రావడం ఆగిపోయింది. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. రెండేళ్ళుగా ఆ షెడ్డు ముందు నుంచి నడవలేదు.

14 మార్చి, శుక్రవారం

జుమా నమాజు అయ్యాక బస్సెక్కి నందిగామ వెళ్ళాను. తిరుపతిరావన్న ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. మొహం చూస్తే చెప్పలేనేమోనని కాళ్ళకే చెప్పాను.

"అన్నా, నేను సిలార్‌ని. ఆ రోజు బ్రేకు తప్పు కాదు. నేను నిద్రపోయా."

స్పానరు తిరగడం ఆగలేదు. "తెలుసు" అన్నాడు లోపల్నుంచి.

"ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడే. బండి నా షెడ్డుకే గదా లాక్కొచ్చింది. డ్రమ్ములిప్పి చూశా. బ్రేకులు శుభ్రంగా ఉన్నయ్." బయటికి జరిగి కూర్చున్నాడు. జుట్టు పల్చబడింది.

"మరి చెప్పలేదే అన్నా?"

"ఐదు రాత్రుళ్ళు వరసబెట్టి తోలిచ్చాడు నీ చేత ఓనరు. నిద్ర నీదా, ఆయనదా? అది ఎవడన్నా అడుగుతాడా? డ్రైవరు నిద్రపోయాడన్న మాట ఒకసారి పుట్టిందా, నీకింక జన్మలో స్టీరింగు ఇవ్వరు. మెకానిక్కు చెడగొట్టాడంటే ఇంకో మెకానిక్కు దగ్గరకు పోతారు. పోయారు. ట్రాక్టర్లున్నయ్, నా పొట్ట నిండుతంది." చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు రాలేదు చూడు. అది మాత్రం కోపంగానే ఉంది."

అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు. రెండు నెలలుగా ఈ పుస్తకం నిండా ప్రేమానందం సార్‌కి, హజరాకి, అల్లాకి కృతజ్ఞతలు రాసుకున్నాను. అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన మనిషి ఇక్కడ నూనె మరకల్లో కూర్చుని ఉన్నాడు. నేను పట్టుకున్న ప్రతి తాళం ఆయన మోసిన నింద మీద వచ్చింది.

లేచి లారీ ఓనర్ల ఆఫీసు వైపు నడిచాను. "ఎక్కడికిరా? వద్దు సిలారూ, జరిగిపోయిందేదో జరిగిపోయింది" అని వెనక నుంచి కేకేశాడు. ఆగలేదు.

ఐదారుగురు ఓనర్లు పేకాడుతున్నారు. నా పాత ఓనరు కూడా ఉన్నాడు. గుమ్మం లోపలికి వెళ్ళి చెప్పాను. కీసర దగ్గర బ్రేకులు బాగానే ఉన్నాయనీ, నేను నిద్రపోయాననీ, రెండేళ్ళు అబద్ధం ఆడాననీ. పేక ముక్కలు కిందికి దిగాయి. పాత ఓనరు చేతిలో ముక్కల కేసే చూస్తున్నాడు.

వాళ్ళలో ఒకాయన అన్నాడు, "ఇప్పుడు చెప్తే ఏం లాభమయ్యా? ఉన్న పేరు కూడా పోగొట్టుకున్నావ్. ఈ మాట విన్నాక నీకు బండెవడిస్తాడు?"

"నాకు బండి వద్దండి" అన్నాను. "ఆయనకు బళ్ళు పంపండి."

వెనక్కి తిరిగితే తిరుపతిరావన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, స్పానరు చేతిలోనే ఉంది. బస్టాండు దాకా నా పక్కనే నడిచాడు.